ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ తర్వాత క్రాష్‌లు: కారణాలు, నిర్ధారణ, పరిష్కారం

నిర్వచనం, పరిధి

ఆపరేటింగ్ సిస్టమ్‌ను పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు మార్చిన తరువాత కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోవడం, దానంతటదే రీస్టార్ట్ కావడం, నీలం లేదా నలుపు తెర మీద దోష సందేశం చూపడం, అసలు బూట్ కాకపోవడం వంటి వైఫల్యాలను అప్‌గ్రేడ్ అనంతర క్రాష్‌లు అంటారు. ఏదో ఒక ప్రోగ్రామ్ మూతపడి మిగతా యంత్రం మామూలుగా నడుస్తుంటే అది ప్రోగ్రామ్ క్రాష్. వ్యవస్థ మొత్తం నిలిచిపోతే సిస్టమ్ క్రాష్. ఈ వ్యాసం ప్రధానంగా రెండో దాని గురించి. ఎక్కువ ఉదాహరణలు విండోస్‌కు చెందినవి. లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్ సంగతులు చివర ఉన్నాయి.

అప్‌డేట్, అప్‌గ్రేడ్ అనే మాటలను వాడుకలో ఒకే అర్థంలో వాడుతున్నా, నిర్ధారణలో వాటి మధ్య తేడా ముఖ్యం. నెలవారీ అప్‌డేట్ కొన్ని ఫైళ్లను మాత్రమే మారుస్తుంది. పూర్తి అప్‌గ్రేడ్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను పక్కన సిద్ధం చేసి, పాతదాన్ని పక్కకు తప్పించి, వాడుకరి ఫైళ్లను, డ్రైవర్లను, సెట్టింగులను కొత్తదానిలోకి తరలిస్తారు. విండోస్ 11లో 2024 అక్టోబర్ 1న విడుదలైన 24హెచ్2 అలాంటి పూర్తి మార్పిడి. ఆ తరువాతి 25హెచ్2, 24హెచ్2 వాడుతున్న యంత్రాలకు చిన్న ప్యాకేజీగా మాత్రమే వచ్చింది. అందుకే 24హెచ్2 సమయంలో కనిపించినంత అననుకూలత 25హెచ్2కు మారేటప్పుడు ఎదురయ్యే అవకాశం తక్కువ.

చారిత్రక నేపథ్యం

కోలుకోలేని దోషం ఎదురైనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్ కావాలనే యంత్రాన్ని ఆపేయడం యూనిక్స్ తొలి రోజుల నుంచీ ఉన్న పద్ధతి. దానికి అక్కడ ప్యానిక్ అని పేరు. విండోస్ వంశంలో 1993 నాటి విండోస్ ఎన్‌టీ 3.1 నుంచి ఈ పని చేసే నీలి తెర ఉంది. 1998 ఏప్రిల్ 20న షికాగోలో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో బిల్ గేట్స్ వేదిక మీద ఉండగానే, స్కానర్‌ను తగిలించిన వెంటనే విండోస్ 98 నీలి తెర చూపింది. కొత్త వ్యవస్థకు, బయటి పరికరానికి పొసగనప్పుడు ఏం జరుగుతుందో ఆ ఘటన లోకమంతటికీ చూపింది.

తరువాతి దశాబ్దంలో రక్షణ ఏర్పాట్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. 2000లో విండోస్ మీ ద్వారా సిస్టమ్ రిస్టోర్, 2001లో విండోస్ ఎక్స్‌పీ ద్వారా డ్రైవర్‌ను పాత వెర్షన్‌కు మార్చే రోల్‌బ్యాక్ సౌకర్యం, క్రాష్ నివేదికలను మైక్రోసాఫ్ట్‌కు పంపే పద్ధతి అందుబాటులోకి వచ్చాయి. ఆ నివేదికలు తేల్చిన సంగతి తరువాతి పరిణామాలన్నిటికీ ఆధారమైంది. విండోస్ క్రాష్‌లలో దాదాపు 70 శాతం మైక్రోసాఫ్ట్ రాసిన కోడ్ వల్ల కాక, ఇతర సంస్థలు రాసిన డ్రైవర్ల వల్ల జరుగుతున్నాయని తేలింది.

2007 జనవరి 30న సామాన్య వినియోగదారులకు విడుదలైన విండోస్ విస్టా ఈ సమస్యకు పాఠ్యపుస్తక ఉదాహరణ. గ్రాఫిక్స్ డ్రైవర్ల నమూనానే అది మార్చింది. తయారీదారులు కొత్త నమూనాకు తగిన డ్రైవర్లను సకాలంలో సిద్ధం చేయలేకపోయారు. తరువాత ఒక కోర్టు వ్యాజ్యంలో బయటపడిన మైక్రోసాఫ్ట్ అంతర్గత పత్రాల ప్రకారం, ఆ ఏడాది నమోదైన విస్టా క్రాష్‌లలో 28.8 శాతం ఎన్విడియా డ్రైవర్లకు సంబంధించినవే.

2015 జూలై 29న విండోస్ 10 వచ్చాక అప్‌గ్రేడ్ కొన్నేళ్లకు ఒకసారి జరిగే పని కాకుండా, తరచూ జరిగే పనిగా మారింది. దానితోపాటు వైఫల్యాలూ తరచయ్యాయి. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలకు ఇచ్చిన సవరణ కొన్ని పాత ఏఎండీ ప్రాసెసర్ల యంత్రాలను బూట్ కానివ్వలేదు. దానితో మైక్రోసాఫ్ట్ వాటికి పంపిణీని తాత్కాలికంగా ఆపింది. అదే ఏడాది అక్టోబర్ 2న విడుదలైన 1809 వెర్షన్ కొందరి వ్యక్తిగత ఫైళ్లను చెరిపేయడంతో నాలుగు రోజుల్లో నిలిపివేసి, నవంబర్ 13న తిరిగి విడుదల చేశారు. 1809లో జరిగింది క్రాష్ కాదు. అయినా అప్‌గ్రేడ్‌కు ముందు బ్యాకప్ ఎందుకు తప్పనిసరో చెప్పడానికి అంతకంటే బలమైన ఉదాహరణ లేదు.

క్రాష్ ఎలా జరుగుతుంది

ఆధునిక ప్రాసెసర్లలో కోడ్ కనీసం రెండు అధికార స్థాయిల్లో నడుస్తుంది. బ్రౌజర్, వర్డ్ ప్రాసెసర్ వంటివి యూజర్ మోడ్‌లో ఉంటాయి. ప్రతి ప్రోగ్రామ్‌కూ వేరే మెమరీ ఉంటుంది కాబట్టి ఒకదాని తప్పు ఇంకొకదానికి అంటదు. కెర్నల్, దానితోపాటు చాలా డ్రైవర్లు కెర్నల్ మోడ్‌లో ఒకే మెమరీని పంచుకుంటూ నడుస్తాయి. అక్కడ ఒక వైఫై డ్రైవర్ చేసిన తప్పు ఫైల్ సిస్టమ్ సమాచారాన్ని చెడగొట్టగలదు. అందువల్ల చెల్లని మెమరీ చిరునామాను తాకడం వంటి తప్పు కెర్నల్ మోడ్‌లో కనిపించగానే, డిస్క్ మీది సమాచారం పాడుకాకముందే విండోస్ యంత్రాన్ని నిలిపేస్తుంది. నీలి తెర రోగం కాదు, రక్షణ చర్య. అసలు తప్పు అంతకు కొన్ని క్షణాల ముందే మరో చోట జరిగి ఉండవచ్చు. తెర మీద పేరు కనిపించిన ఫైలే దోషి అని వెంటనే తేల్చేయకూడదనడానికి కారణం ఇదే.

అప్‌గ్రేడ్‌తో కెర్నల్ లోపలి ఏర్పాట్లు మారతాయి. పాత కెర్నల్ మీద ఏళ్ల తరబడి నడిచిన డ్రైవర్‌లో దాగి ఉన్న లోపం, కొత్త కెర్నల్ మెమరీని వేరే విధంగా అమర్చగానే, లేదా నియమాలను కఠినంగా అమలు చేయగానే బయటపడుతుంది. డ్రైవర్ మారకపోయినా దాని చుట్టూ ఉన్న పరిస్థితి మారుతుంది. “నిన్నటిదాకా బాగానే పనిచేసింది” అన్న వాదన డ్రైవర్ నిర్దోషి అనడానికి చాలదు.

స్టాప్ కోడ్‌లు

విండోస్ క్రాష్ తెర మీద ఒక స్టాప్ కోడ్ కనిపిస్తుంది. అన్నిటినీ కంఠస్థం చేయనక్కరలేదు. అప్‌గ్రేడ్ తరువాత తరచూ కనిపించేవి కొన్నే.

“ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్” అంటే, కొత్త విండోస్ తాను ఉన్న డిస్క్‌ను తానే చదవలేకపోతోంది అని అర్థం. దీని సంఖ్య 7బి. నిల్వ పరికరాన్ని నడిపే డ్రైవర్ లోపించడం, బయోస్‌లో సాటా లేదా రెయిడ్ సెట్టింగ్ మారడం దీనికి ప్రధాన కారణాలు. “డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్” అనే డి1, చాలా సందర్భాల్లో నెట్‌వర్క్ డ్రైవర్‌ను గానీ మరో పరికర డ్రైవర్‌ను గానీ వేలెత్తి చూపుతుంది. “డీపీసీ వాచ్‌డాగ్ వయొలేషన్” అనే 133, ఏదో ఒక డ్రైవర్ తన వంతు పని సకాలంలో ముగించలేదని చెబుతుంది. “క్రిటికల్ ప్రాసెస్ డైడ్” వచ్చినప్పుడు వ్యవస్థకు అత్యవసరమైన ప్రక్రియ ఆగిపోయింది. దీని వెనుక పాడైన సిస్టమ్ ఫైళ్లు ఉండవచ్చు, స్పందించని డిస్క్ కూడా ఉండవచ్చు. “వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్” అనే 124 మాత్రం భిన్నం. ప్రాసెసర్ తానే హార్డ్‌వేర్ దోషాన్ని నివేదించినప్పుడు ఇది వస్తుంది. దీన్ని చూసి సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ పోవడం కాలహరణమే.

కారణాలు

డ్రైవర్లు. గ్రాఫిక్స్, వైఫై, ఆడియో, నిల్వ పరికరాల డ్రైవర్లు ఈ వరుసలో ముందుంటాయి. విండోస్ 11 22హెచ్2 వచ్చినప్పుడు, 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్లున్న యంత్రాల్లో ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ డ్రైవర్‌కు చెందిన కొన్ని పాత వెర్షన్లు నీలి తెరకు కారణమయ్యాయి. ఆడియో డ్రైవర్ యంత్రాన్నంతా పడగొట్టగలదని చాలామందికి తోచదు. కాబట్టి అనుమానితుల జాబితా నుంచి దేన్నీ ముందుగానే తీసేయకూడదు.

నిల్వ పరికరం, దాని ఫర్మ్‌వేర్. ఈ కోవలో 24హెచ్2 నాటి ఘటన వివరంగా తెలుసుకోదగినది. తక్కువ ధర ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీలలో సొంత డీర్యామ్ ఉండదు. అవి తమ చిరునామా పట్టికల కోసం కంప్యూటర్ ర్యామ్‌లో కొంత భాగాన్ని అరువు తీసుకుంటాయి. ఈ ఏర్పాటును హోస్ట్ మెమరీ బఫర్ అంటారు. పాత విండోస్ వెర్షన్లు దీనికి 64 ఎంబీ ఇచ్చేవి. 24హెచ్2 మాత్రం డ్రైవ్ అడిగినంత ఇచ్చింది. వెస్టర్న్ డిజిటల్ ఎస్‌ఎన్770, ఎస్‌ఎన్580 నమూనాల్లో 2 టీబీ డ్రైవ్‌లు 200 ఎంబీ అడిగాయి. అది దొరకగానే ఫర్మ్‌వేర్‌లోని లోపం బయటపడి డ్రైవ్ స్పందించడం మానేసింది, యంత్రం నీలి తెర చూపింది. వాడుకరులు మొదట రిజిస్ట్రీ ద్వారా బఫర్‌ను తగ్గించి నెట్టుకొచ్చారు. తరువాత తయారీ సంస్థ కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. ఇక్కడ విండోస్ చేసినది నియమాల ప్రకారం సరైన పనే. లోపం డ్రైవ్‌ది. కానీ బయటపెట్టింది అప్‌గ్రేడ్. అంతకు ముందు 2018లో విండోస్ 10 1803 వెర్షన్‌తో ఇంటెల్ 600పి ఎస్‌ఎస్‌డీలకూ పొసగక, ఆ డ్రైవ్‌లున్న యంత్రాలకు అప్‌గ్రేడ్‌ను నిలిపివేశారు.

భద్రతా సాఫ్ట్‌వేర్. యాంటీవైరస్, వీపీఎన్, ఆటల్లో మోసాన్ని పట్టే ప్రోగ్రామ్‌లు కెర్నల్ లోతుల్లోకి చొచ్చుకుపోయి పనిచేస్తాయి. కెర్నల్ మారితే ముందుగా దెబ్బతినేవి ఇవే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక కాన్ఫిగరేషన్ ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. భారత కాలమానం ప్రకారం ఉదయం 9:39కి విడుదలైన ఆ ఫైలును 78 నిమిషాల్లో ఉపసంహరించినా, అప్పటికే పడిపోయిన యంత్రాల్లో చాలావాటిని సేఫ్ మోడ్‌లోకి తీసుకెళ్లి ఆ ఫైలును మనిషి చేత్తో తొలగించాల్సి వచ్చింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. అది ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ కాకపోయినా, కెర్నల్ మోడ్‌లోని బయటి కోడ్ ఎంత ప్రమాదకరమో తెలిపే ఘటనగా దాన్ని ఇక్కడ పేర్కొనక తప్పదు.

అప్పటికే ఉన్న హార్డ్‌వేర్ లోపం. అప్‌గ్రేడ్ సమయంలో గిగాబైట్ల కొద్దీ ఫైళ్లు చదవడం, రాయడం, విడమరచడం జరుగుతుంది. ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద, డిస్క్ మీద ఆ కాసేపట్లో పడే భారం మామూలు రోజుల్లో పడదు. చెడిపోవడానికి సిద్ధంగా ఉన్న ర్యామ్ చిప్, చెడు సెక్టార్లున్న హార్డ్ డిస్క్, దుమ్ముతో మూసుకుపోయిన ఫ్యాన్ అప్పుడే బయటపడతాయి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీ సంబంధిత లోపం ఉందని 2024లో తేలే వరకు, ఆ యంత్రాల క్రాష్‌లకు చాలామంది గ్రాఫిక్స్ డ్రైవర్లనే, ఆటలనే నిందించారు.

మధ్యలో ఆగిన ఇన్‌స్టలేషన్. కరెంటు పోవడం, బ్యాటరీ అయిపోవడం, డిస్క్‌లో ఖాళీ స్థలం చాలకపోవడం వల్ల కొన్ని ఫైళ్లు పాతవి, కొన్ని కొత్తవి మిగులుతాయి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లకు ఈ ప్రమాదం ఎక్కువ.

వైఫల్యం ఏ దశలో జరిగింది

విండోస్ అప్‌గ్రేడ్ నాలుగు దశల్లో నడుస్తుంది. పాత విండోస్ నడుస్తుండగానే ఫైళ్లు సిద్ధమయ్యే దశ మొదటిది. రీస్టార్ట్ అయ్యాక రికవరీ వాతావరణంలో ఫైళ్లను మార్చేది రెండోది. కొత్త విండోస్ మొదటిసారి లేచి పరికరాలను గుర్తించేది మూడోది. ప్రారంభ సెట్టింగులు, ఖాతాల తరలింపు నాలుగోది. అప్‌గ్రేడ్ విఫలమై పాత విండోస్‌కు తిరిగివస్తే చూపే దోష సంఖ్య రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగం సి1900101 అయితే డ్రైవర్ సంబంధిత వైఫల్యమని సాధారణంగా భావిస్తారు. 20017, 30018 వంటి రెండో భాగంలోని మొదటి అంకె ఏ దశలో ఆగిందో చెబుతుంది. 2 అయితే రికవరీ వాతావరణం, 3 అయితే మొదటి బూట్, 4 అయితే రెండో బూట్.

ఈ వివరాలు సి డ్రైవ్‌లోని దాచిన ఇన్‌స్టలేషన్ ఫోల్డర్‌లో, ప్యాంథర్ అనే ఉపఫోల్డర్‌లోని సెటప్‌యాక్ట్, సెటప్‌ఎర్ లాగ్ ఫైళ్లలో నమోదవుతాయి. వాటిని చదివి కారణాన్ని సులభ భాషలో చెప్పడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సాధనం సెటప్‌డయాగ్.

ఆధారాల సేకరణ

మరమ్మతు మొదలుపెట్టే ముందు ఆధారాలు భద్రపరచడం ఈ పని మొత్తంలో అతి ముఖ్యమైన అడుగు. చాలామంది దాటవేసేదీ ఇదే. తెర మీది స్టాప్ కోడ్‌ను, కింద ఏదైనా ఫైలు పేరు ఉంటే దాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకుంటే చాలు. తెర వెంటనే మాయమైపోతుంటే, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగుల్లో ఆటోమేటిక్ రీస్టార్ట్‌ను ఆపాలి.

క్రాష్ సమయంలో విండోస్ మెమరీలోని స్థితిని పేజింగ్ ఫైలులోకి రాసి, తరువాతి బూట్‌లో దాన్ని డంప్ ఫైలుగా భద్రపరుస్తుంది. చిన్న డంప్‌లు విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్‌లో ఉంటాయి. పేజింగ్ ఫైలును పూర్తిగా తీసేసిన యంత్రంలో డంప్ మామూలుగా తయారుకాదు. డంప్ ఫైళ్లను విన్‌డీబీజీలో తెరిచి అనలైజ్ ఆదేశం ఇస్తే, స్టాప్ కోడ్, అప్పుడు నడుస్తున్న డ్రైవర్, ఆ సమయంలోని పిలుపుల వరుస కనిపిస్తాయి. నిర్‌సాఫ్ట్ వారి బ్లూస్క్రీన్‌వ్యూ ఇదే సమాచారాన్ని సంక్షిప్తంగా చూపుతుంది. ఒకే డంప్ చూసి తీర్మానానికి రాకూడదు. మూడు, నాలుగు డంప్‌లలో ఒకే డ్రైవర్ పేరు వస్తే అనుమానం బలపడుతుంది. ప్రతిసారీ కొత్త పేరు, కొత్త కోడ్ వస్తుంటే ర్యామ్‌ను, విద్యుత్ సరఫరాను శంకించాలి.

ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నల్-పవర్ 41 నమోదు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. యంత్రం సక్రమంగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచింది అనడం తప్ప అది ఏమీ చెప్పదు. కారణం దానికి ముందున్న నమోదుల్లో ఉంటుంది. రిలయబిలిటీ మానిటర్ తేదీల వారీగా ఏది ఇన్‌స్టాల్ అయిందో, ఏది పడిపోయిందో ఒకే చోట చూపుతుంది. క్రాష్‌లు నిజంగా అప్‌గ్రేడ్ రోజునే మొదలయ్యాయా, అంతకు ముందు నుంచే ఉన్నాయా అని తేల్చడానికి ఇదే సులువైన మార్గం.

పరిష్కార క్రమం

బూట్ అవుతున్న యంత్రంలో మొదట చేయాల్సిన పని, అదనపు పరికరాలన్నిటినీ తీసేయడం. ప్రింటర్, డాక్, బయటి డిస్క్, యూఎస్‌బీ హబ్ తొలగించి కీబోర్డు, మౌస్, మానిటర్‌తో మాత్రమే నడిపి చూడాలి. అప్పుడు క్రాష్ ఆగితే ఒక్కొక్కటిగా తగిలిస్తూ పోవచ్చు. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ నొక్కినా కెర్నల్ పూర్తిగా కొత్తగా మొదలుకాదు. అందువల్ల పరీక్షల మధ్య షట్‌డౌన్ కాక రీస్టార్ట్ వాడాలి.

బూట్ కాని యంత్రంలో వరుసగా విఫలమైన ప్రయత్నాల తరువాత విండోస్ రికవరీ వాతావరణం దానంతటదే తెరుచుకుంటుంది. విండోస్ కొంతైనా లేస్తుంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కినా అక్కడికే వెళ్లవచ్చు. అక్కడి నుంచి స్టార్టప్ రిపేర్, అప్‌డేట్ తొలగింపు, సిస్టమ్ రిస్టోర్, సేఫ్ మోడ్ అందుబాటులో ఉంటాయి. సేఫ్ మోడ్‌లో కనీస డ్రైవర్లు మాత్రమే నడుస్తాయి. అక్కడ యంత్రం స్థిరంగా ఉంటే, దోషం డ్రైవర్‌లోనో స్టార్టప్ ప్రోగ్రామ్‌లోనో ఉందని దాదాపు చెప్పవచ్చు. సేఫ్ మోడ్‌లోనూ పడిపోతుంటే సిస్టమ్ ఫైళ్లు, నిల్వ పరికరం, హార్డ్‌వేర్ వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్ష అన్వేషణను సగానికి తగ్గిస్తుంది.

డ్రైవర్లను మార్చేటప్పుడు ల్యాప్‌టాప్ లేదా మదర్‌బోర్డు తయారీ సంస్థ వెబ్‌సైట్ నుంచి తెచ్చుకోవాలి. అన్ని డ్రైవర్లనూ ఒకేసారి కొత్తవి చేస్తామనే ఉచిత ప్రోగ్రామ్‌లు, రిజిస్ట్రీ క్లీనర్లు ఈ దశలో మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పూర్తిగా తొలగించి మళ్లీ వేయడం వృత్తి నిపుణులు అనుసరించే పద్ధతి. కొత్తది విఫలమైతే డివైస్ మేనేజర్‌లోని రోల్‌బ్యాక్ పాతదాన్ని తిరిగి తెస్తుంది. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. అయిదు మార్పులు చేశాక క్రాష్ ఆగితే ఏది ఆపిందో తెలియదు, మళ్లీ వస్తే వెతుకులాట మొదటికొస్తుంది.

సిస్టమ్ ఫైళ్లు పాడయ్యాయనే అనుమానం ఉంటే డిఐఎస్‌ఎమ్ రిస్టోర్ హెల్త్ ఆదేశాన్ని ముందు, ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ ఆదేశాన్ని తరువాత నడపాలి. రెండోది మొదటిది సరిచేసిన మూల ఫైళ్ల మీద ఆధారపడుతుంది కాబట్టి ఈ వరుస పాటించడం మంచిది. డిస్క్‌కు చెక్‌డిస్క్, ర్యామ్‌కు మెమ్‌టెస్ట్86 వాడతారు. ర్యామ్ పరీక్షను కొన్ని నిమిషాలతో ముగించకుండా రాత్రంతా నడపాలి. ఓవర్‌క్లాకింగ్, ర్యామ్ వేగం పెంచే ప్రొఫైళ్లు ఉంటే పరీక్ష ముగిసేదాకా ఆపి ఉంచాలి.

డ్రైవర్ వెరిఫయర్ అనుమానిత డ్రైవర్ల మీద కఠిన పరీక్షలు పెట్టి, తప్పు చేసిన డ్రైవర్‌ను అక్కడికక్కడే పట్టిస్తుంది. ఇది కావాలనే క్రాష్ కలిగించే సాధనం. వాడే ముందు రిస్టోర్ పాయింట్ తప్పక ఉండాలి. బూట్ కాకపోతే సేఫ్ మోడ్ నుంచి రీసెట్ ఆదేశంతో ఆపడం తెలిసి ఉండాలి.

బిట్‌లాకర్ రికవరీ కీ

డిస్క్ గుప్తీకరణ ఆన్‌లో ఉన్న యంత్రం రికవరీ వాతావరణంలోకి వెళ్లగానే 48 అంకెల కీ అడగవచ్చు. ఫర్మ్‌వేర్ మార్చినా అడగవచ్చు. కీ లేకపోతే ఫైళ్లు అందవు. సొంత యంత్రమైతే అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో, ఆఫీసు యంత్రమైతే ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ ఘటనలో అనేక సంస్థల్లో పునరుద్ధరణ ఆలస్యం కావడానికి ఈ కీలు చేతికి అందకపోవడం ఒక కారణం. అప్‌గ్రేడ్‌కు ముందే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లడం

అప్‌గ్రేడ్ అయ్యాక పాత విండోస్ మొత్తం విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. మొదట్లో విండోస్ 10 దాన్ని 30 రోజులు ఉంచేది. 2016లో ఆ గడువును 10 రోజులకు తగ్గించారు. డిఐఎస్‌ఎమ్ ఆదేశంతో దీన్ని 60 రోజుల వరకు పెంచుకోవచ్చు. కానీ గడువు ముగియకముందే ఆ పని చేయాలి. స్థలం కోసం డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్‌ను తొలగిస్తే తిరుగుదారి అప్పుడే మూసుకుపోతుంది. అప్‌గ్రేడ్ తరువాత మొదటి వారంలోనే యంత్రాన్ని అన్ని రకాల పనులతో వాడి చూడటం ఇందుకే అవసరం. రోజూ వాడాల్సిన యంత్రంలో కారణం తేలక రోజులు గడుస్తుంటే, గడువు లోపల వెనక్కి వెళ్లి, తయారీదారు కొత్త డ్రైవర్ ఇచ్చాక మళ్లీ ప్రయత్నించడం సబబైన నిర్ణయం.

సేఫ్‌గార్డ్ హోల్డ్

తెలిసిన అననుకూలత ఉన్న యంత్రాలకు విండోస్ అప్‌డేట్ కొత్త వెర్షన్‌ను చూపదు. దీన్ని సేఫ్‌గార్డ్ హోల్డ్ అంటారు. 24హెచ్2 విషయంలో ఆసుస్ ఎక్స్415కెఏ, ఎక్స్515కెఏ నమూనాలను నీలి తెర సమస్య వల్ల ఇలా ఆపారు. ఐఎస్‌ఓ ఫైలుతో ఈ అడ్డును దాటడం సాధ్యమే. అలా దాటినవారికి క్రాష్ ఎదురైతే, కారణం చాలావరకు ఆ హోల్డ్ చెప్పిందే అయివుంటుంది.

లినక్స్‌లో

లినక్స్ పంపిణీలు కొత్త కెర్నల్ వేసినప్పుడు పాతదాన్ని వెంటనే తీసేయవు. ఫెడోరా మామూలుగా మూడు కెర్నళ్లను ఉంచుతుంది. గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకుని బూట్ చేయడమే మొదటి పరీక్ష. అది పనిచేస్తే దోషం కొత్త కెర్నల్‌లో గానీ, దానికి తగినట్టు తిరిగి తయారుకాని బయటి మాడ్యూల్‌లో గానీ ఉంటుంది. ఎన్విడియా డ్రైవర్, వర్చువల్‌బాక్స్ వంటివి డీకేఎమ్‌ఎస్ ద్వారా ప్రతి కెర్నల్‌కూ మళ్లీ కంపైల్ కావాలి. కెర్నల్ హెడర్లు లేకపోతే అది జరగదు. తెర నల్లగా మిగిలితే నోమోడ్‌సెట్ అనే బూట్ ఎంపికతో ప్రయత్నిస్తారు. రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కావడం లేదనే ప్యానిక్ వస్తే, బూట్ విభజన నిండిపోయి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అసంపూర్తిగా తయారైందేమో చూడాలి.

జర్నల్‌సీటీఎల్‌లో మైనస్ బి, మైనస్ 1 ఎంపికలతో అంతకు ముందు బూట్ నాటి సందేశాలు చదవవచ్చు. లినక్స్‌లో ఊప్స్, ప్యానిక్ వేర్వేరు. ఊప్స్ తరువాత వ్యవస్థ కుంటుతూ నడవవచ్చు, ప్యానిక్ తరువాత నడవదు. ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్లు వాడేవారికి కొత్త దీర్ఘకాలిక వెర్షన్‌ను దాని మొదటి పాయింట్ విడుదల వచ్చాకే సూచించడం ముందుజాగ్రత్త కోసమే.

మ్యాక్, ఆండ్రాయిడ్‌లలో

మ్యాక్‌ఓఎస్ 2019లో వచ్చిన క్యాటలీనా నుంచి బయటి కోడ్‌ను కెర్నల్ వెలుపలికి నెట్టడం మొదలుపెట్టింది. అప్పటినుంచి పాత కెర్నల్ ఎక్స్‌టెన్షన్ల వల్ల వచ్చే ప్యానిక్‌లు తగ్గుముఖం పట్టాయి. అయినా 2020 నవంబర్‌లో బిగ్ సర్ వేసుకున్న 2013, 2014 నాటి కొన్ని 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలు నల్ల తెరతో నిలిచిపోయాయి. 2021లో మాంటెరీ అప్‌గ్రేడ్‌తో టీ2 చిప్ ఉన్న కొన్ని మ్యాక్‌లు ఫర్మ్‌వేర్ సమస్య వల్ల అసలు లేవలేదు. అలాంటివాటిని మరో మ్యాక్‌కు తగిలించి, ఆపిల్ కాన్ఫిగరేటర్‌తో ఫర్మ్‌వేర్‌ను పునరుద్ధరించవచ్చు.

ఆండ్రాయిడ్ 2016 నాటి 7.0 వెర్షన్ నుంచి రెండు విభజనల పద్ధతిని ప్రవేశపెట్టింది. ఫోన్ ఒక విభజన మీద నడుస్తుండగా కొత్త వెర్షన్ రెండోదానిలో చేరుతుంది. కొత్తది బూట్ కాకపోతే ఫోన్ పాతదానికే తిరిగి వెళుతుంది. ఈ పద్ధతి అమలుచేయని ఫోన్లలో బూట్‌లూప్ వస్తే రికవరీ మెనూ నుంచి క్యాష్ తుడిచి చూడాలి. అదీ ఫలించకపోతే మిగిలేది ఫ్యాక్టరీ రీసెట్, దానితో ఫోన్‌లోని సమాచారమంతా పోతుంది.

ఇటీవలి పరిణామాలు, ప్రస్తుత స్థితి

2025లో విండోస్ 11 నీలి తెర స్థానంలో నలుపు తెర తెచ్చింది. అందులో స్టాప్ కోడ్‌తోపాటు, తెలిసినంతవరకు దోషి డ్రైవర్ పేరూ కనిపిస్తుంది. పెద్దఎత్తున యంత్రాలు బూట్ కాని పరిస్థితి వస్తే రికవరీ వాతావరణం నుంచే ఇంటర్నెట్ ద్వారా సవరణ తెచ్చుకునే క్విక్ మెషిన్ రికవరీ కూడా అదే సమయంలో వచ్చింది. లినక్స్ కెర్నల్ 6.12 ప్యానిక్ సమాచారాన్ని క్యూఆర్ కోడ్‌గా చూపగలదు.

తయారీదారు డ్రైవర్లు ఇవ్వడం మానేసిన యంత్రాలకు మాత్రం ఈ పద్ధతులేవీ శాశ్వత పరిష్కారం కావు. విండోస్ 11 అధికారికంగా టీపీఎమ్ 2.0ను, ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్‌ను కోరుతుంది. నిబంధనలు తప్పించి ఇన్‌స్టాల్ చేసిన పాత యంత్రాల్లో వచ్చే క్రాష్‌లకు మైక్రోసాఫ్ట్ మద్దతు ఉండదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అలాంటి యంత్రాలను నడపాలంటే తగిన లినక్స్ పంపిణీకి మారడం లేదా హార్డ్‌వేర్ మార్చడం మిగిలిన మార్గాలు.